పూలకుండీ కాబోయిన కారు

ముందు గదిలో రొట్టెల కొట్టు, వెనక రేకుల షెడ్డు, రెండింటికీ మధ్య ఇటుకలతో కట్టిన రొట్టెల బట్టీ. మొగుడూ పెళ్లాల్లో బట్టీకి అటువైపు ఆవిడ పిండితో కుస్తీ పడుతుంది, ఇటువైపు ఆయన ఇనుముతో కుస్తీ పడతాడు. సాయంత్రానికి ఇద్దరి భుజాలూ ఒకేలా పీకుతాయి. కాకపోతే ఆవిడ చేసింది జనం తింటారు, ఆయన చేసింది జనం తిడతారు. కారు బాగుచేయించుకున్నవాడు మెకానిక్కుని మెచ్చుకున్న దాఖలా లోకంలో ఎక్కడా లేదు. బండి నడిస్తే అది బండి గొప్పతనం, ఆగితే మెకానిక్కు దొంగతనం.

అందుకే ఆయనకి మొహం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. వీధిలో అందరూ చిరాకు మేస్త్రీ అంటారు. ఎదురుగానే అంటారు. ఆయన పట్టించుకోడు, పట్టించుకుంటే దానికో చిరాకు దండగ.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఒక పాత కారు ఉంది. గుండ్రటి వీపు, ఆశ్చర్యపోయినట్టు చూసే లైట్లు, డ్రైవరు తలుపు బయట రబ్బరు బూర. మేస్త్రీ తండ్రి దాన్ని టాక్సీగా నడిపాడు. మేస్త్రీ బడి పుస్తకాలు మూసేసింది ఆ కారు బానెట్టు తెరవడానికే. తండ్రి పోయాక ఇంజను కూడా పట్టేసింది, ఆయన కోసమే అన్నాళ్లు నడిచినట్టు. అప్పటి నుంచి టార్పాలిన్ కిందే ఉంది. ఎప్పటికైనా దాన్ని లేపాలని మేస్త్రీ కోరిక. కోరికకి ఖర్చు లేదు కాబట్టి అది చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

బావమరిది రాకపోతే ఇంకా అలాగే ఉండేదేమో.

బావమరిది కొత్త కార్లు అమ్ముతాడు. ఆ రోజు వేలికి తాళాలు తిప్పుకుంటూ వచ్చి, వేడి బన్ను ఒకటి అందుకుని, నములుతూ షెడ్డులోకి నడిచాడు.

"బావా, ఈ శవాన్ని ఎన్నాళ్లు దాస్తావు?"

"నీకేం అడ్డమొచ్చింది?"

"అడ్డం కాదు, పనికొచ్చింది. నాకిచ్చెయ్. షోరూము ముందు పెడతా. బానెట్టు పీకేసి, ఇంజను చోట మట్టి నింపి, పూలమొక్కలు వేస్తా. వచ్చినవాళ్లు ఫొటోలు దిగుతారు. మీ నాన్న పేరు కూడా ఓ పలక మీద రాయిస్తాలే."

మేస్త్రీ చేతిలోని పానా కింద పెట్టాడు. చేతిలోనే ఉంటే ఏమవుతుందో తనకే తెలియదు మరి.

"పూలకుండీ చేస్తావా? మా నాన్న కారుని?"

"పోనీ, నువ్వేం చేస్తావ్ దీన్ని?"

"కొండెక్కిస్తా. నీ షోరూములో డబ్బాని వెనక్కి నెట్టి పోతుంది ఇది, ఏమనుకున్నావో!"

ఈ మాట మేస్త్రీ అనలేదు, ఆయన నోరు అంది. కానీ నోరు జారాక ఒంటికి తప్పదు కదా. బావమరిది పడీ పడీ నవ్వి, బన్ను గొంతుకి అడ్డం పడి, అక్క పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిస్తే తేరుకుని, అక్కడికక్కడే పందెం వేశాడు. వానలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం పొద్దున్న. కొండ కింది కల్వర్టు దగ్గర నుంచి కొండమీది హాస్టలు గేటు దాకా. ఎవరు నడిపినా సరే. ముందు చేరినవాళ్లు కిందికి వినబడేలా హారన్ కొట్టాలి. పాత కారు ఓడితే పూలకుండీ. గెలిస్తే బావమరిది నెల రోజులు ఏప్రన్ కట్టుకుని అక్క కొట్లో బన్నులు అమ్మాలి.

"కేకేసి మరీ అమ్మాలి" అంది అక్క.

"అమ్ముతా. కేకేసి అమ్ముతా. మైకు కూడా పెట్టించుకో."

బావమరిది వెళ్లాక మేస్త్రీ టార్పాలిన్ తీశాడు. ఒక ఎలక బయటికొచ్చి, ఆయన మొహం చూసి మళ్లీ లోపలికెళ్లింది.

డబ్బున్నవాడు ఇంజను కట్టడు, కొంటాడు. పుస్తకంలో బొమ్మ చూసి వేలు పెడతాడు, పెట్టెలో వస్తుంది. మేస్త్రీకి అలాంటి పుస్తకాలు పంపేవాడు లేడు. ఆయన పాత సామాన్ల కొట్ల వెంట తిరిగాడు. ఒకచోట బోల్తాపడ్డ వ్యానులోంచి నాలుగు పిస్టన్లు దొరికాయి, పాతవాటికన్నా లావు, బరువు తక్కువ. ఇంకోచోట పెట్రోల్లో గాలి కలిపే కార్బొరేటర్లు ఒక జత, పెద్ద మోటారుసైకిళ్లవి. వాటికి బదులు కొట్టువాడి జీపుకి బ్రేకులు వేసిచ్చాడు.

పిస్టన్లు పట్టేలా ఇంజను గుంతల్ని పెద్దవి చేసినవాడు లేతు తాత. పక్క సందులో ఆయనకో లేతు, ఇనుముని తిప్పి చెక్కే మిషను. ఇద్దరికీ వయసు ఒకటే అంటారు, ఆయనకీ మిషనుకీ. ఇంజను గాలి తలుపులు, అదే వాల్వులు, ఇంకాస్త లోతుగా తెరుచుకునేలా క్యాం షాఫ్టుని సానబట్టింది కూడా ఆయనే.

"ఇంజను గాలి బాగా పీల్చాలి, పీల్చిందాన్ని గట్టిగా నొక్కాలి, కాలిందాన్ని చప్పున కక్కాలి. అంతేరా. మనిషైనా అంతే" అంటాడు తాత. ఆయన దగ్గడం మొదలుపెడితే మూడో పని ఎంత కష్టమో తెలుస్తుంది.

కక్కడానికి గొట్టాలు కావాలి. నాలుగు సిలిండర్లకి నాలుగు, నున్నగా వంచి ఒకచోట కలపాలి. కొత్తవి కొనాలంటే తాత మిషను అమ్మినా చాలదు. మేస్త్రీ ఇల్లంతా ఒకసారి కళ్లతో వెతికాడు. ఒకచోట కళ్లు ఆగాయి.

ఆ సాయంత్రం ఆవిడ పడగ్గదిలోంచి కేకేసింది.

"ఏమయ్యా, మంచం ఏది?"

"ఏ మంచం?"

"మనకెన్ని మంచాలున్నాయని ఏ మంచం అంటున్నావు?"

మేస్త్రీ షెడ్డు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "దాని గొట్టాలు సరిగ్గా సరిపోయాయే. లోపల అతుకు కూడా లేదు. ఈ కాలంలో అలాంటి గొట్టం దొరకదు."

"పెళ్లైన కొత్తలో కొన్న మంచాన్ని పొగగొట్టం చేశావా!"

"చప్పుడు బాగుంటుంది."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. మొహం అంతా కోపమే, పెదవి చివర మాత్రం మాట వినలేదు. "అది ముందు నుంచీ చప్పుడు చేసే మంచమేగా" అని, పరుపు కింద పరవడానికి వెళ్లిపోయింది. మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. షెడ్డులో కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. ఎలక చూసింది, అంతే.

ఇంజనులో పిస్టన్లు పడ్డాయి. ఇక హెడ్డు. ఇంజనుకి అది మూత లాంటిది, వాల్వులు దాన్లోనే ఉంటాయి. హెడ్డు అడుగు కాస్త కోసి నున్నగా చేస్తే మూత కిందికి దిగి, గాలి ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది, బలం పెరుగుతుంది. మరీ ఎక్కువ కోస్తే కిందికి తెరుచుకునే వాల్వు, పైకి వచ్చే పిస్టనూ ముద్దు పెట్టుకుంటాయి. ఆ ముద్దుతో ఇంజను పోతుంది. రెండింటి మధ్యా రెండు మిల్లీమీటర్ల సందైనా ఉండాలి.

సందు కొలవడానికి మెత్తటి మట్టిముద్ద పిస్టన్ మీద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజనుని చేత్తో తిప్పుతారు. వాల్వు వచ్చి ముద్దని నొక్కుతుంది. విప్పి చూస్తే నొక్కినచోట మిగిలిన మందమే సందు. పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుమట్టి దీనికి సరిగ్గా సరిపోతుంది. అది బజార్లో దొరుకుతుంది. కానీ బట్టీకి అటువైపు తొట్టినిండా మెత్తటి ముద్ద ఊరికే ఉండగా బజారుకెళ్లే మనిషి కాదు మేస్త్రీ. ఆవిడ అటు తిరిగినప్పుడు గుప్పెడు పిండి తెచ్చుకున్నాడు.

పిస్టన్ మీద పెట్టాడు, హెడ్డు బిగించాడు, తిప్పాడు. విప్పబోతుండగా "పిండి బస్తాలొచ్చాయి, కాస్త చెయ్యేయవయ్యా" అని కేక. వెళ్లి బస్తాలు దింపాడు, టీ తాగాడు, బస్తాల వాడితో బరువు గురించి పోట్లాడాడు. తిరిగొచ్చేసరికి ఎండ రేకుల మీదికొచ్చింది, బట్టీ గోడ సెగలు కక్కుతోంది. హెడ్డు విప్పి, పిండిని బ్లేడుతో కోసి కొలిచాడు.

నాలుగు మిల్లీమీటర్లు.

మళ్లీ కొలిచాడు. నాలుగే. మేస్త్రీకి ఎగిరి గంతేయాలనిపించింది. రెండు చాలు, నాలుగున్నాయి! అంటే ఇంకా కోసుకోవచ్చన్నమాట. హెడ్డు భుజానేసుకుని, పిండిముక్కని అగ్గిపెట్టెలో సాక్ష్యంగా పెట్టుకుని లేతు తాత దగ్గరికి పరుగెత్తాడు.

"ఒకటిన్నర కొయ్యి."

"ఎక్కువేమోరా."

"ఇదిగో ముక్క. నువ్వే కొలుచుకో."

తాత కొలిచాడు. నాలుగు. భుజాలెగరేసి కోశాడు.

మర్నాడు హెడ్డు బిగించి మేస్త్రీ ఇంజనుని చేత్తో తిప్పాడు. సగం చుట్టు నున్నగా వెళ్లింది. తర్వాత టక్.

మెల్లగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి. టక్.

ఆ చప్పుడు చాలా చిన్నది. అయినా దాని అర్థం ఆయనకి తెలుసు. వాల్వు పిస్టన్‌కి తగులుతోంది. చేత్తో తిప్పాడు గనక సరిపోయింది, స్టార్టరు నొక్కి ఉంటే ఈపాటికి ఇంజనులో గులకరాళ్ల మోత. కోసిన ఇనుము మళ్లీ అతకదు. అలాంటి హెడ్డు ఇంకొకటి ఈ చుట్టుపక్కల లేదు. కళ్ల ముందు షోరూము, దాని ముందు తండ్రి కారు, ఇంజను చోట ఊగుతున్న పూలు.

తిన్నగా లేతు తాత మీదికెళ్లాడు.

"ఎంత కోశావు?"

"నువ్వు చెప్పినంత."

"అంత కోస్తే తగలదు. నీ కళ్లజోడు మార్చు!"

"నా కళ్లజోడు మార్చడం కాదురా, నీ బుర్రని ఒకసారి లేతుకి పట్టిస్తే సరిపోతుంది, వంకర పోతుంది!"

ఇద్దరూ అరుచుకుంటూ షెడ్డుకొచ్చారు. తాత హెడ్డు కొలిచాడు. కోసింది సరిగ్గా ఒకటిన్నర. మేస్త్రీ అగ్గిపెట్టె తీశాడు. "ఇదిగో, చూడు, నాలుగు..." అంటూ పెట్టె నెట్టాడు. ముక్క ఎండి గట్టిపడింది.

అరుపులు విని ఆవిడ వచ్చింది. మోచేతుల దాకా పిండి.

"ఏంటది?"

"నీకు తెలీదులే, సందు కొలిచిన ముక్క."

ఆవిడ దాన్ని తీసుకుని, కోసిన వైపు వెలుతురుకి పట్టి చూసింది. గోటితో గిల్లింది. "దీన్నిండా కన్నాలున్నాయి."

"ఉంటే?"

"ఉంటే ఏంటయ్యా? ఇది పొంగిన పిండి. నా తొట్టిలో పిండి తీసుకుపోయావా? దాన్లో ఈస్టు కలిపానయ్యా మహానుభావా! బట్టీ గోడ పక్కన, మూత బిగించి, బస్తాలు దింపి, టీ తాగి, బస్తాలవాడి వంశం అంతా తిట్టి వచ్చేసరికి అది పొంగక ఏం చేస్తుంది? నీ వాల్వు నొక్కింది, నీ పోట్లాట అయ్యేలోపు అది మళ్లీ లేచి కూర్చుంది!"

మేస్త్రీ ముక్కని లాక్కుని కన్నాల్లోకి చూశాడు. తర్వాత లేతు తాతకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్లీ నవ్వులోకి తిరిగి, చివరికి ఇంజను పట్టుకుని కూర్చున్నాడు. "ఒరేయ్, నలభై ఏళ్లుగా లోహాలు కొలుస్తున్నా గానీ, బన్నుని కొలిచి హెడ్డు కోయడం ఇదే మొదటిసారిరా!"

ఇంకెవరైనా అయితే ఆ పూట పోట్లాట పెద్దదయ్యేది. మేస్త్రీ నోరు తెరిచాడు కూడా. తీరా తెరిచాక దాన్లోంచి నవ్వొచ్చింది. తప్పు తనదని తేలాక చిరాకు పడడానికి ఎవరూ మిగల్లేదు మరి.

నవ్వులు అయ్యాక ఆవిడే అడిగింది. "మూత మరీ కిందికొచ్చిందంటున్నారు. కింద ఏదైనా మందంగా పెట్టి లేపకూడదూ?"

తాత, మేస్త్రీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. హెడ్డు కింద గ్యాస్కెట్టని ఒక పలచటి అట్టలాంటిది ఉంటుంది. దాని బదులు రాగి రేకు మందంగా కోసి పెట్టొచ్చు. పందేల బళ్లకి అలాగే చేస్తారు. కానీ అంత రాగి ఎక్కడిది?

ఆవిడ లోపలికెళ్లి, నీళ్లు కాచుకునే పాత రాగి కాగు దొర్లించుకుంటూ వచ్చింది. అడుగు చిల్లిపడి అటక మీద ఉన్నది. "మంచం పోయింది. ఇదొక్కటీ ఉండి ఏం ఉద్ధరిస్తుంది?"

కాగు పక్కలు చీల్చి, సుత్తితో చదును చేసి, రెండు పొరలుగా కోశారు. రాగి గట్టిగా ఉంటే పొగ తప్పించుకుంటుంది. మెత్తబడాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఇనుముకి అలా చేస్తే బిగుసుకుంటుంది, రాగికి చేస్తే సాగిలపడుతుంది. అంత పెద్ద రేకు కాల్చడానికి తాత దగ్గర కొలిమి లేదు. ఆవిడ బట్టీ నిప్పుల్లోకి చూసి, ఎండు చెక్కల్ని ఇంకాస్త ఎగదోసి, రొట్టెల తెడ్డు మీద రాగి రేకు పెట్టి లోపలికి నెట్టింది.

"తియ్యి, తియ్యి, చాలు" అన్నాడు మేస్త్రీ.

"నా బట్టీ దగ్గర నువ్వు చెప్పకు. ఏది ఎప్పుడు కాలిందో నాకు తెలుసు."

సరిగ్గా మగ్గిన పండు రంగు వచ్చినప్పుడు తీసి తొట్టిలో ముంచింది. బుస్సుమని ఆవిరి ముగ్గురి మొహాల్నీ కప్పేసింది. ఆవిరి తగ్గేసరికి రేకు గుడ్డలా వంగుతోంది. ఆ రోజు రొట్టెలకి రాగి వాసనొచ్చిందని ఇద్దరు ఫిర్యాదు చేశారు. ఒకాయన మాత్రం, ఈ రోజు రుచి బాగుందే, ఏం కలిపారమ్మా అని అడిగాడు.

ఈసారి కొలత ముద్ద ఆవిడే కలిపింది. ఉప్పు, నీళ్లు, పిండి. "ఈస్టు లేదు. అయినా సరే, విప్పేదాకా నిన్ను ఎవరు పిలిచినా పంపను" అని చేతులు కట్టుకుని నిలబడింది. హెడ్డు విప్పి, కోసి, కొలిచారు. రెండు మిల్లీమీటర్లు, ఒక వెంట్రుక ఎక్కువే. అత్యాశకి కోయించిందాన్ని రాగి పూడ్చేసింది. లావు పిస్టన్లు, రెండు కార్బొరేటర్లు, మంచం గొట్టాలు మిగిలాయి. చాలవూ?

స్టార్టరు నొక్కగానే ఇంజను ఒకసారి తుమ్మింది, రెండోసారి తిట్టింది, మూడోసారి పట్టుకుంది. రేకుల షెడ్డంతా దడదడలాడింది. ఎలక ఆ రోజే ఇల్లు మారింది. మేస్త్రీ కార్బొరేటరు స్క్రూ చెవిటివాడికి చెప్పినట్టు ఓపిగ్గా తిప్పుతూ, తిప్పుతూ, ఆ మోత ఒక్క గొంతయ్యేదాకా తిప్పాడు. తర్వాత పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. పెట్రోలు పొగ అన్నాడు.

ఆదివారం పొద్దున్న కల్వర్టు దగ్గర బావమరిది కొత్త కారు తళతళా మెరుస్తోంది. అది ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంది. దాని పక్కన పాత కారు వీధి కుక్కలన్నిటినీ లేపుతోంది.

మేస్త్రీ స్టీరింగు ముందు కూర్చోగానే లేతు తాత చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఒక మాట. నీ అంత బరువైన పార్టు ఇంజనులో కూడా లేదు. నిన్ను దింపేస్తే ఇంకో కార్బొరేటరు పెట్టినంత."

"అయితే ఎవరు నడుపుతారు? నువ్వా? మొదటి వంపు దగ్గరే దగ్గుతావు."

తాత ఆవిడ వైపు చూశాడు. ఆవిడ రోజూ తెల్లారి రొట్టెల వ్యాను వేసుకుని ఆ కొండమీది హాస్టలుకే వెళ్లొస్తుంది. ఏ వంపులో ఏ గుంత ఉందో ఆవిడ కాలికి తెలుసు.

మేస్త్రీ ఒక్క క్షణం స్టీరింగు వదల్లేదు. ఎన్నేళ్లుగా చూస్తున్న కల అది, ఆ కలలో ఎప్పుడూ ఆయనే కూర్చున్నాడు. కానీ పూలకుండీ గుర్తొచ్చింది. దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రెండో గేరులో ఎక్కువ సేపు ఏడిపించకు" అన్నాడు.

"నీ దగ్గరున్నంత ఏడుపు ఇంకెక్కడా ఉండదులే" అని ఆవిడ కూర్చుంది.

"అక్కా, నీ మీద నేను గెలిస్తే బాగుండదు" అన్నాడు బావమరిది కిటికీలోంచి.

"గెలిచి చూడరా ముందు."

తాత రుమాలు ఊపాడు. రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ వెళ్లాయి. మొదటి వంపు దాకా కొత్త కారే ముందుంది. తర్వాత చెట్లు అడ్డొచ్చాయి.

ఇక చెవులే మిగిలాయి. మేస్త్రీ కల్వర్టు గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మంచం గొట్టాలు కొండంతా పాడుతున్నాయి. రెండో గేరు... మూడు... ఇప్పుడు మర్రిచెట్టు వంపు, కాలు తీసింది, మళ్లీ తొక్కింది. తన చేత్తో బిగించిన ప్రతి బోల్టూ ఆయన చెవిలో వినబడుతోంది. రాగి పట్టుకుని ఉంది. వాల్వులు బాగున్నాయి. ఇంకా పైకి.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రీ, లేచి నిలబడి.

"బండరాయి వెనక్కి వెళ్లిందేమోరా" అన్నాడు తాత చెవి వెనక చెయ్యి పెట్టుకుని. కానీ ఆయన గొంతులో కూడా నమ్మకం లేదు. ఇద్దరూ కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక పిట్ట అరిచింది. మేస్త్రీ దాన్ని కూడా తిట్టాడు.

అప్పుడు పైనుంచి వినబడింది. బోం... బోం... బోం. తండ్రి రబ్బరు బూర. టాక్సీ గుమ్మం ముందు ఆగినప్పుడు ఆయన అలాగే నొక్కేవాడు, ఇంటికొచ్చేశాన్రా అన్నట్టు.

మేస్త్రీ లేతు తాతని ఎత్తి గిర్రున తిప్పాడు. "దింపరా, నా ఎముకలన్నీ పాత సామాన్లే!" అని తాత గోల.

కిందికి దిగేటప్పుడు పాత కారే ముందొచ్చింది. వెనకే కొత్తది, మొహం వేలాడేసుకున్న బావమరిదితో. "మూడో వంపులో లోపలివైపు నుంచి దూరింది బావా. అక్కడ సందుందని నాకేం తెలుసు!"

మేస్త్రీ పరుగెత్తి కారు దగ్గరికెళ్లి, బానెట్టు మీద చెయ్యి వేసి, వేడికి తీసేసి, మళ్లీ వేశాడు. అప్పుడు కనబడింది వెనక సీటు. దాని మీద ఒక పాత దుప్పటి. సీటంతా రొట్టె పొడి.

"ఇదేంటి?"

"హాస్టలు బన్నులు" అంది ఆవిడ దిగుతూ. "తెల్లారి నువ్వు టైర్లు చూసుకుంటుంటే ట్రేలు ఎక్కించి దుప్పటి కప్పేశా. ఎలాగూ పైకే కదా, మళ్లీ వ్యానేసుకుని ఎవరెళ్తారు?"

"నన్ను బరువని దింపేసి, బన్నులు ఎక్కించావా!"

"అవి మాట్లాడవయ్యా."

లేతు తాత మళ్లీ దగ్గులో పడ్డాడు. బావమరిదికి కూడా నవ్వాగలేదు. ఓడిపోయినవాడు అంత నవ్వకూడదు, అయినా నవ్వాడు.

ఆవిడ ముందు సీటు కింద నుంచి ఏప్రన్ తీసి తమ్ముడి మీదికి విసిరింది. కారు తాళాలు మాత్రం మొగుడి చేతిలో పెట్టింది. "ట్రేలు పైనే వదిలొచ్చా. వెళ్లి పట్టుకురా. తొందరేం లేదు, పందెం అయిపోయింది."

మేస్త్రీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక నుంచి బావమరిది గొంతు సవరించుకుని "బన్నులూ... వేడి బన్నులూ..." అని అలవాటు చేసుకుంటున్నాడు. ఇంకా గట్టిగా, అంటోంది అక్క.

మేస్త్రీ బూర ఒకసారి నొక్కి, మొదటి గేరు వేసి, కొండదారి పట్టాడు. ఆ కొండ ఆయన ఎంత నెమ్మదిగా ఎక్కాడంటే, ట్రేలు తెచ్చేసరికి కొట్లో బన్నులన్నీ అమ్ముడైపోయాయి.